భాగ్యమ్మ నోట హులిగెమ్మ మాట

మా మండలాఫీసుకు ఎదురుగా నాకో జిరాక్స్ కొట్టు ఉంది. కృష్ణ అవతల రాయచూరు పల్లెలు. అక్కడి పిల్లలు ఇక్కడికి కోడళ్లుగా వస్తారు, ఇక్కడి పిల్లలు అక్కడికి పోతారు. పెళ్లి మాటలకు, పత్తి బేరాలకు అడ్డురాని భాష ఆఫీసు గడప దగ్గర మాత్రం గోడలా నిలబడుతుంది. లోపలివాళ్లకు కన్నడం రాదు. కాస్తోకూస్తో వచ్చినవాళ్లు కూడా కుర్చీలో కూర్చోగానే మరిచిపోతారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడనే మాట ఊరికే పుట్టలేదు.

భాగ్యమ్మ అవతల పుట్టి ఇవతల మెట్టింది. కూలిపని లేని రోజుల్లో ఆఫీసు వరండాలో కూర్చుని, తెలుగు రాని ఆడవాళ్ల వెంట లోపలికి పోయి వాళ్ల మాట చెప్పేది. ఎవరేమిస్తే అది; పల్లికాయలిచ్చినా కొంగున కట్టుకునేది. ఆమెది ఒక పద్ధతి. "ఈమె ఇట్ల అంటుంది" అనదు. పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని, తానే ఆ మనిషైనట్టు "నేను" అని మొదలుపెడుతుంది. ఏడుపైతే ఏడుపు, తిట్టయితే తిట్టు. ఉప్పు కలపదు, కారం తగ్గించదు. పని కాగానే నా కొట్టు ముందున్న కుండలో నీళ్లు ముంచుకుని నోరు పుక్కిలించి ఊసేది. ఒకరి మాట ఇంకొకరి నోట్లో మిగలొద్దు మాసన్నా, అనేది. నాకు నవ్వొచ్చేది.

పోయిన ఎండాకాలం ఆమె దగ్గరికి హులిగెమ్మ వచ్చింది. సన్నటి మనిషి, ఎండిన కంది కట్టెలా ఉంది. పెళ్లయిన కొత్తలోనే మొగుడితో పుణె దిక్కు బండలు కొట్టే పనికి పోయి, ఏండ్ల తరబడి అక్కడే ఉండి, మొగుడు పోయాక పుట్టింటికి చేరింది. ఈ లోపల మొగుడి తమ్ముడు నాగప్ప, మా వదిన కూడా చచ్చిపోయిందని ఆఫీసులో రాయించాడు. ఇవతల మొగుడి పేర ఉన్న మెట్ట చెలక తన పేర మార్చమని అర్జీ పెట్టాడు. ఆ చెలక తప్ప హులిగెమ్మకు ఈ లోకంలో ఇంకేమీ లేదు. విచారణ అయ్యేలోగా తాను బతికే ఉన్నానని చూపించుకోవాలి.

బతికున్న మనిషి ఎదురుగా నిలబడితే చాలదా అనుకుంటాం. చాలదు. వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టిస్తే యంత్రం పట్టలేదు. బండలు కొట్టీ కొట్టీ వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. పది వేళ్లూ పెట్టించారు, ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. భాగ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుని "నేను సావలే సారూ" అంది. గుమాస్తా భాగ్యమ్మనే చూశాడు. మాట ఎక్కడినుంచి వస్తే చూపు అక్కడికే కదా పోతుంది. అప్పటినుంచి అందరూ భాగ్యమ్మతోనే మాట్లాడేవాళ్లు, భాగ్యమ్మకే కుర్చీ చూపేవాళ్లు. పక్కన ఇంకో మనిషి ఉందన్న సోయి ఎవరికీ లేకపోయింది. నా పక్క కొట్టు చాయ్ అతను ఒకసారి హులిగెమ్మ నిలబడిన చోటే బకెట్ నీళ్లు కుమ్మరించి, ఆమె కాళ్లు తడిశాక ఉలిక్కిపడ్డాడు. నాకు అతని మీద మండింది. ఆ తర్వాత నేను కూడా ఆమె లోపల ఉండగానే కొట్టు షట్టర్ దించబోయానని తెలిసి, నోరు మూసుకున్నాను.

ఒకరోజు భాగ్యమ్మ కుండ దగ్గర ఎంతకూ పుక్కిలిస్తూనే ఉంది. ఏమైందంటే చెప్పింది. ఇంట్లో మొగుడు అన్నం తిన్నావా అని అడిగాడట. ఆమె నోటి నుంచి "నేను సావలే" అని వచ్చిందట. చెప్పి మళ్లీ కుండలో నీళ్లు ముంచుకుంది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

గుమాస్తాది రోజూ ఒకటే మాట, తల ఎత్తకుండా "రేపు రా". ఈ మాటను మాత్రం భాగ్యమ్మ ఎప్పుడూ ఉన్నదున్నట్టు కన్నడంలో చెప్పేది కాదు. ఈరోజు తీరిక లేదంట అని తిప్పి చెప్పేది. ఎందుకంటే వాళ్ల పుట్టింటి దిక్కు తలుపుల మీద సుద్దతో "నాళె బా" అని రాస్తారు. రేపు రా అని. వాకిట్లోకి వచ్చి పేరు పెట్టి పిలిచే దయ్యం అది చూసి వెనక్కి పోతుందని, మర్నాడు వచ్చి మళ్లీ అదే చూసి పోతుందని నమ్మకం. బతికున్న మనిషిని గడపలో నిలబెట్టి ఆ మాట అనరు.

ఆరోజు ఎండ మండిపోతోంది. పొద్దుటినుంచి ఎందరికో మాట చెప్పి భాగ్యమ్మ అలసిపోయి ఉంది. గుమాస్తా ఎప్పటిలాగే అన్నాడు. భాగ్యమ్మ నోరు జారి "నాళె బా" అంది.

హులిగెమ్మ అప్పుడే వెనక్కి తిరిగి బయటికి పోయింది. భాగ్యమ్మ ఎన్నిసార్లు తప్పయిందని చెప్పినా వినలేదు. మర్నాటినుంచి ఆఫీసు గడప దాటలేదు. వచ్చి బయట నిలబడేది. రేపు రమ్మన్న మాట లోపలినుంచి వినబడగానే తిరిగి పోయేది. మంచినీళ్లిస్తే ముట్టేది కాదు. పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద జనం ఉండగానే, ఆమె నిలబడిన దిక్కు చూడాలంటే నాకు భయమేసేది.

విచారణ రోజు వచ్చింది. తహసీల్దారు మేడమ్ వరండాలోనే కుర్చీ వేయించింది. హులిగెమ్మ కాగితాల జిరాక్సులు నా దగ్గర ఉండి నేనూ పోయాను. హులిగెమ్మ పుట్టింటి ఊరి పెద్దమనిషి వచ్చి, ఈమె మా ఊరి బిడ్డేనని సాక్ష్యం చెప్పాడు. నాగప్ప మాత్రం, ఈమె ఎవరో పిచ్చిది, ఎక్కడినుంచో పట్టుకొచ్చారు అన్నాడు. మేడమ్ ఇద్దరినీ ఆపి, ఆమెనే చెప్పనివ్వండి అంది.

"నువ్వు హులిగెమ్మవేనా? బతికే ఉన్నవా?"

భాగ్యమ్మ కన్నడంలో అడిగింది. హులిగెమ్మ మేడమ్ వైపు చూడలేదు. నాగప్ప కళ్లలోకి చూస్తూ, మెల్లగా, చాలా స్పష్టంగా నాలుగు మాటలంది. నాగప్ప రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. భాగ్యమ్మ ముఖం పాలిపోయింది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"బతికే ఉన్న మేడమ్," అంది భాగ్యమ్మ. "నా చెలక నాకియ్యిండ్రి."

హులిగెమ్మ అన్నది అది కాదు. లేను, చచ్చిపోయిన, నువ్వే చెప్పినవు గదా నాగప్పా, రేపు నీ ఇంటికి వస్త. ఇదీ ఆమె మాట. భాగ్యమ్మ ఆ సాయంత్రం చెబితే తెలిసింది. అక్కడ కన్నడం తెలిసినవాళ్లలో సాక్షి పెద్దమనిషి తల దించుకున్నాడు. నాగప్ప నోరు తెరిచాడు, మూశాడు. ఏమన్నదో చెప్పాలంటే, చచ్చిందన్న వదిన తనను పేరు పెట్టి పలకరించిందని ఒప్పుకోవాలి. చెమటతో అంగీ తడిసిపోయింది. మేడమ్ అతణ్ని చూసింది, ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. నాగప్ప అర్జీ కొట్టేసి, చెలక హులిగెమ్మదేనని అక్కడే రాసేసింది.

నాకు పట్టలేని సంతోషమైంది. ఇద్దరినీ కొట్టు దగ్గరికి తీసుకొచ్చి కూర్చోమన్నాను. భాగ్యమ్మ ఏడుస్తూ, నవ్వుతూ, హులిగెమ్మ రెండు భుజాలూ పట్టుకుని కన్నడంలో ఏదో చెప్పింది. నిన్ను బతికున్నట్టు రాసిండ్రని చెబుతోందని నాకూ అర్థమైంది. హులిగెమ్మ ఆమెను చూసి ఒక్క మాట అడిగింది. భాగ్యమ్మ చేతులు భుజాల మీదినుంచి జారిపోయాయి.

ఏమంటుందని అడిగాను.

"ఎవర్ని అని అడుగుతుంది మాసన్నా."