జుబారా కోట దాటాక, రాజయ్య పూసిన గోడ

ఖతర్ ఉత్తర తీరంలో పాత కోటలు చూడాలని నేను బయల్దేరాను. మల్లేశం మాత్రం ఒక గోడ కోసం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, దోహాలోని మదీనత్ ఖలీఫాలో ఇంటి డ్రైవరు. వాళ్ళన్న రాజయ్య ఇక్కడి పాత ఊళ్ళ గోడలు బాగుచేసిన మేస్త్రీ. నిరుడు సెలవు మీద వెళ్ళి ఇంటి దగ్గరే పోయాడు. "ఆయన ఏడ పనిచేసిండో సూపెట్టుమని వదిన ఏడాదిసంది అడుగుతాంది సార్," అన్నాడు మల్లేశం. అతని ఫోన్‌లో ఒకే ఫొటో ఉంది: చిన్న గుమ్మం పక్కన రాజయ్య, వెనక మసీదు మినారు.

శుక్రవారం పొద్దున ఆరింటికి ఫరీజ్ అబ్దుల్ అజీజ్ నుంచి కదిలాం. కారు అద్దె నూట ఇరవై రియాళ్ళు, పెట్రోలు వేరే. శమాల్ రోడ్డు మీద ఉత్తరానికి వెళ్ళి, ఎడమకు తిరిగితే గంటన్నరలో జుబారా కోట. నాలుగు బురుజులూ చూపించి నేను చరిత్ర మొదలుపెట్టేసరికి, "ఇది కాదు సార్," అని కారెక్కి కూర్చున్నాడు. చెప్పొద్దూ, నాకు విసుగేసింది.

అక్కడి నుంచి తీరం వెంబడి అల్ రువైస్ వైపు వెళ్తుంటే, చేపలవాళ్ళు ఎప్పుడో వదిలేసిన ఊరొకటి వస్తుంది. కప్పుల్లేని ఇళ్ళు, వాటి వెనకే సముద్రం. ఫొటో పట్టుకుని గంటసేపు తిరిగితే మూడో సందులో ఆ గుమ్మం దొరికింది. మల్లేశం వదినకు వీడియో కాల్ చేశాడు.

"దుబాయ్‌ల గిట్లుంటదా? పెద్ద బిల్డింగులు కడుతున్ననన్నడు గద మీ అన్న," అందావిడ. వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే.

"గిదే వదినా, అన్న చేసింది."

"ఊళ్ళె మట్టిపని నామోషని పోయిండు. ఆడ గూడ మట్టిపనేనా?"

మల్లేశం ఫోన్‌ను గోడ వైపు తిప్పాడు. ఆవిడ, "దగ్గరికి సూపియ్యి," అంది. గుమ్మం అంచు మీదుగా ఫోన్ మెల్లగా జరిపాడు.

"ఆయన చెయ్యే. మనింటికి గూడ అంచు గిట్లనే గుండ్రంగ తిప్పిండు." అందావిడ. "గింత మంచిగ చేసి, నాకు అబద్ధమెందుకు చెప్పిండు?"

అల్ రువైస్‌లో చేపల కూర, అన్నం పదిహేను రియాళ్ళు. మల్లేశం ముట్టలేదు. ఇన్నేళ్ళుగా కోటల గురించి రాస్తున్నాను, ఎవరు కట్టించారో రాశానే గానీ పూత ఎవరు వేశారని ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది. వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఫొటోల కోసం ఆ గోడలకు ఆనుకోకండి, పూత రాలుతుంది. మళ్ళీ వేయడానికి రాజయ్య లేడు.