లుకా అన్నా లంకే

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది, దీర్ఘాలూ ఒత్తులూ తప్పుతాయి... ఏమీ అనుకోకండి. నేను కాగితం మీద రాసిస్తే మా అమ్మాయి సుజాత ఫోటో తీసి ఈ గ్రూపులో పెడుతోంది.

మా చిన్నప్పుడు... గోదావరికి వరదొచ్చింది. మాది లంక ఊరు. చుట్టూ ఏరు, మధ్యలో ఒండ్రునేల. నాన్నా నేనూ సంత నుంచి వచ్చేసరికి, బామ్మను ఒక్కతినే వదిలి వెళ్ళిన ఇల్లు నీళ్ళలో ఉంది. నాటుపడవలో చూరుదాకా వెళ్ళి "అమ్మా... అమ్మా..." అని కేకలేశాడు నాన్న. బామ్మ పలకలేదు. నాన్న తెడ్డుతో చూరును తట్టి తట్టి పిలవడం ఇప్పటికీ గుర్తు.

తీరా చూస్తే బామ్మ ఏటిగట్టు మీద ఉంది, దూడను పక్కన పెట్టుకుని. "ఏరా, ఇప్పటికి తెల్లారిందా నీకు? దూడకి గడ్డి తెచ్చావా?" అంది. నాన్న బురదలో కూలబడి నవ్వాడు.

ఇన్నేళ్ళకు అదెందుకు గుర్తొచ్చిందంటే... ఇక్కడ పరాయి దేశంలో, అరోరా అనే ఊళ్ళో మా అమ్మాయి పక్కింట్లో పెట్రో గారని యుక్రెయిన్ పెద్దాయన ఉన్నారు. ఆయనకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. పెరట్లో కూర్చుని పుల్లతో మట్టిలో ఏర్లు గీసుకుంటాం.

ఆయన ఊరు దెస్నా నది ఒడ్డున అని సుజాత తెలుగులో చెప్పింది. మొదట అక్కడ పడవల రేవొకటే ఉండేదట. రేవు చుట్టూ ఇళ్ళు లేచాయి. వెనకటి యుద్ధంలో ఊరు కాలిపోతే బడీ, చర్చీ ఎత్తైన గట్టు మీద కట్టుకున్నారు. గడ్డిని వదులుకోలేని వాళ్ళు మాత్రం మళ్ళీ కింద పల్లంలోనే. ఆ పల్లాన్ని లుకా అంటారట.

"లంకా?" అన్నాను.

"లంక కాదు నాన్నా, లుకా. మెడో... గడ్డిభూమి" అంది సుజాత.

"ఏరొస్తే మునుగుతుందా?"

"మునుగుతుందట."

"అయితే లంకే."

మొన్న మార్చిలో మంచు కరిగి ఆ ఏరు పొంగింది. పల్లంలో ఒంటరిగా ఉండే ఆయన చెల్లెలు ఫోన్ ఎత్తడం లేదు. ఆయన మా మెట్ల మీద కూర్చుని ఫోన్ కేసే చూస్తున్నారు. మళ్ళీ మళ్ళీ అదే నంబరు నొక్కుతున్నారు...

నేను మాటకారిని కాను. అయినా బామ్మ సంగతి చెప్పి, "ఇంట్లో పలకలేదంటే గట్టెక్కేసి ఉంటుంది, చెప్పమ్మా" అన్నాను.

"గట్టెక్కడాన్ని ఎలా ట్రాన్స్‌లేట్ చేయను నాన్నా!"

నేనే మట్టిలో ఏరు గీశాను. పల్లంలోంచి పైకి రెండు వేళ్ళు నడిపించి, "గట్టు" అన్నాను. ఆయనా అదే గీత మీద రెండు వేళ్ళు పైకి నడిపించారు.

మర్నాడు తలుపు తీస్తే పెట్రో గారు. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. చెయ్యి పైకెత్తి "గాట్టూ! గాట్టూ!" అన్నారు. చెల్లెలు పైన బడిలో ఉందట.

"ఫోన్ ఇంట్లో మర్చిపోయిందట. ఆవుని మాత్రం మర్చిపోలేదట" అని సుజాత ఒకటే నవ్వు.

ఆ పూట అన్నం హాయిగా లోపలికి పోయింది.

మా లంకను గోదావరి సగం కోసేసింది. ఏటిగట్టు మీద తారురోడ్డు పడింది... కార్లు పోతుంటాయి, ఆగి ఏటికేసి చూసేవాళ్ళు లేరు. మీ ఊళ్ళో ఏరొస్తే మీవాళ్ళు ఎక్కడికి ఎక్కేవారు? తొందరగా రాయండి... పెట్రో గారు మీ ఊళ్ళ గట్ల గురించి రోజూ వచ్చి అడుగుతున్నారు.