ముక్కుపుడక ఏ పక్క

"వచ్చే వారం తప్పకుండా" అని మీరు చివరిసారి ఎవరికి చెప్పారు? ఆ వారం వచ్చిందా?

నేను ఆ మాట గద్వాలలో ఒక ముసలి నేతకారుడికి చెప్పాను. ఒకసారి కాదు, దసరా నుంచి క్రిస్మస్ దాకా. ఊళ్లోకి ఫ్లెక్సీ బోర్డులు అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి. బడిలో డ్రాయింగ్ చెప్పేవాణ్ని, మిగిలిన సమయంలో అడిగినవాళ్లకు బొమ్మలు వేసేవాణ్ని. హేతువాద సభలకు వెళ్లి, కళ్లతో చూడనిది నమ్మవద్దని గొంతు చించుకునేవాణ్ని.

ఆయన అడిగింది చనిపోయిన భార్య బొమ్మ. ఫొటో లేదు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె బతికినన్నాళ్లూ కెమెరాకు ముఖం చాటేసింది. ఒక్కటీ దిగకుండానే, యాభై నిండకుండానే పోయింది. పిల్లలు లేరు, తోబుట్టువులు లేరు. ఆ ముఖం ఒక్క మనిషి తలలోనే మిగిలింది. ఆ మనిషి కళ్లకు నీటికాసుల జబ్బు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేమనీ డాక్టర్ చెప్పాడట. కాబట్టి దారి ఒక్కటే: ఆయన చెబుతుంటే నేను గీయాలి, ఆయన చూసి దిద్దాలి.

మొదటి రోజు ముఖం అంచు గీశాను. కాగితాన్ని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని చూసి, గడ్డం మీద వేలు పెట్టాడు.

"ఇంత కోసుగ లేకుండె సారూ, జర గుండ్రంగుండె. కోపమొచ్చినా నవ్వినట్లే కనవడ్తుండె."

చెరిపి మళ్లీ వేశాను. తలూపాడు. అంతలో, ఎవరో చెబితే కళ్లలో ఆకుపసరు పోసుకుంటున్నానని నోరు జారాడు. ఇక నేను ఆగలేదు. కంటినరం గురించి, పసరు గురించి గంటసేపు వాదించాను. గెలిచాను కూడా. ఈలోగా వెలుతురు పోయింది. కళ్లూ ముక్కూ గీయకుండానే, వచ్చే వారం తప్పకుండా వస్తానని లేచాను.

ఆ వారమే వనపర్తి చర్చి నుంచి కబురొచ్చింది. క్రిస్మస్‌కు థర్మాకోల్‌తో పశువులపాక, దాని వెనక కొండల తెర కావాలన్నారు. నాలుగు రోజులకు నాగర్‌కర్నూల్ చర్చివాళ్లు పిల్లల నాటకానికి పన్నెండు జతల దేవదూతల రెక్కలు అడిగారు. రెండూ ఒప్పుకున్నాను. దేవుణ్ణి నమ్మనివాడు ఎంత నిక్కచ్చిగా పని చేస్తాడో చూపించాలని పంతం. వనపర్తి పాస్టరుగారు మంచివారు. "దేవుడు లేడంటవు, ఆయన పుట్టినరోజుకు మాత్రం నీ చేతులే కావాలె" అని నవ్వి, నా వేరే పనులేమైనా ఆగిపోతాయా అని అడిగారు. ఏమీ లేవన్నాను. తప్పు చర్చిది కాదు. ఆ అబద్ధం నాది.

తొందరలో థర్మాకోల్‌కు పడని గమ్ము వాడితే పాక కప్పు కరిగి గుంటలు పడింది. మళ్లీ మొదటినుంచి కోశాను. అట్టలూ దూదీ అంటించిన రెక్కల కట్టతో బస్సెక్కితే, కండక్టర్ "రెక్కలున్నోనికి బస్సెందుకు సారూ" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ రోజుల్లో ముసలాయన మూడుసార్లు బడి గేటు దగ్గరికి వచ్చాడు. మొదటిసారి ఒక్కడే నడిచి వచ్చాడు. రెండోసారి చేతిలో కర్ర ఉంది. మూడోసారి పక్కింటాయన భుజం పట్టుకుని వచ్చాడు. మూడుసార్లూ నేనే పండగ పని ఉందన్నాను. మూడుసార్లూ ఆయనే నాకు సర్దిచెప్పాడు. "కానీయ్ సారూ, పండుగ ఆగదు గద."

పండగ అయింది. పాకను మెచ్చుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం పట్టపగలు ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను. ఎవరని అడిగాడు.

అయినా గీశాను. ఆయన చెబుతూ పోయాడు, సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. చేతిలో పెట్టాను. నిమిరి చూశాడు. కాగితం నున్నగా ఉంది.

"ముక్కుపుడక ఏ పక్క పెట్టినవ్ సారూ?"

"కుడిపక్క."

"ఆమెది ఎడమ."

నేను అడగనేలేదు. దిద్దాను. ఇప్పుడు సరిగ్గా ఉందని చెప్పాను. ఆయన మెల్లగా తలూపాడు.

"ఇగ నువ్వు చెప్పిందే నమ్మాలె గద."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేవాణ్ని. చూడనిది నమ్మవద్దని ఊరూరా చెప్పిన నేను, ఒక మనిషికి తన భార్య ముఖాన్నే నా మాట మీద నమ్మాల్సిన గతి పట్టించాను. గడ్డం ఒక్కటే ఆయన చూసి ఒప్పుకున్నది. ఆపైన ఉన్న ముఖం ఆమెదో, ఎవరిదో, నాకు తెలియదు. తెలుసుకునే దారి ఇక లేదు. ఆమెను మూఢనమ్మకం సగమే చెరిపింది. మిగతా సగం హేతువాదినైన నేను చెరిపాను.

మీ దగ్గరా అలాంటి పని ఒకటి ఉంటుంది. దానికి తేదీ ఉండదు, అడిగే మనిషి గొంతు పెంచడు. తేదీ ఉన్న పనులు ఎలాగూ మిమ్మల్ని లాక్కెళతాయి. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. ఆ మనిషి ఇంటికి ఈ రోజే, వెలుతురు ఉండగానే వెళ్లండి.