పొడుగు చేతుల చొక్కాలు

రేవును పెంచాలని అందరికంటే గట్టిగా అరిచింది మాస్టారే. మాస్టారంటే బడి పంతులు కాదు, రేవు గేటుకెదురుగా మిషను పెట్టుకున్న దర్జీ. "పెద్ద ఓడలొస్తే మన దశ తిరిగినట్టే," అని కొలతలు తీసుకుంటూ చెప్పేవాడు. మెడకు టేపు చుట్టించుకుని నిలబడ్డవాడు కాదనలేడు కదా!

ఓడలొచ్చాయి. కంటెయినర్లలోంచి రెడీమేడ్ చొక్కాలు దిగాయి, మాస్టారి కుట్టుకూలి కన్నా చవగ్గా. నెల తిరక్కుండా కొట్లో ఈగలు తోలుకునే పని మిగిలింది.

"దశ తిరిగింది సరే, ఎటు తిరిగిందో చూశారా?" అంది భార్య.

అయితే ఆ చొక్కాలు ఏ ఆజానుబాహుల కోసం కుట్టారోగాని, చేతులు వేళ్లు దాటి వేలాడేవి. కొన్నవాళ్లంతా కురచ చేయించుకోడానికి మాస్టారి దగ్గరికే పరుగెత్తారు. కొట్టు మళ్లీ కిటకిటలాడింది. కాలరు కుట్టడంలో పేరుమోసిన మనిషి పొద్దస్తమానం చొక్కా చేతులు కోస్తూ కూర్చున్నాడు.

రేవు వార్షికోత్సవంలో అధికారులు ఆయన్ని వేదికెక్కించి, "ఉపాధి పెరిగిందా?" అని మైకు పెట్టారు.

"పెరిగింది బాబూ. ఇదివరకు చొక్కాలు కుట్టేవాణ్ణి, ఇప్పుడు కోస్తున్నాను."

చప్పట్లు మారుమోగాయి. ముందు వరసలో భార్య నవ్వాపుకోలేక తల దించుకుంది.

మర్నాడు మాస్టారు కొట్టు తలుపు దగ్గరికి వేసి, దాచుకున్న మంచి గుడ్డ తీసి, చాన్నాళ్లకు ఒక నిండు చొక్కా కుట్టాడు. తనకే.