మా మావయ్యగారి రన్నింగ్ బ్యాక్

మా మావయ్యగారు కృపావరం మాస్టారు గొప్ప మేధావి. ఆ సంగతి ఆయనే చెప్పేవారు కాబట్టి మాకెవరికీ అనుమానపడే అవసరం రాలేదు. బాపట్ల దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేశారు. చుట్టుపక్కల ఎక్కడ చెడుగుడు పోటీలు జరిగినా ఆయనే రిఫరీ. రిటైరైనప్పుడు మెడలో విజిలు స్కూలుకి అప్పజెప్పారు గానీ, ఆ నోరు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

ఎనభై నాలుగు జూన్ నెలాఖర్లో అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా ఇంటికొచ్చారు, ఆర్నెల్ల వీసా మీద. ఆ ఫిబ్రవరిలోనే మా ఆయన దైవాశీర్వాదం కారు దారిలో మంచు ఎత్తిపోస్తూ పడిపోయారు. మళ్ళీ లేవలేదు. కొడుకు భూస్థాపనకి అందుకోలేకపోయిన మనిషి నాలుగు నెలలు పోయాక వచ్చి, విమానం దిగి నాతో అన్న మొదటి మాట, "ఇలా చిక్కిపోయావేమే నవోమీ, ఈ దేశంలో బియ్యం దొరకవా?" ఓదార్చడంలో అంత నేర్పరి.

మా ఆయన పనిచేసిన కంపెనీలో ఎనిమిదిమంది కలిసి ఒక ఆట ఆడుకునేవారు. టీవీలో ఫుట్‌బాల్ ఆడే నిజం ఆటగాళ్ళని ఆగస్టులో వంతులవారీగా ఎంచుకుని, కాగితం మీద ఎవరి జట్టు వాళ్ళు రాసుకోవాలి. ప్రతి సోమవారం పేపరు చూసి తమవాళ్ళు చేసిన పాయింట్లు కూడుకోవాలి. అంతే. ఒక్క చెమట చుక్క పట్టకుండా ఎనిమిదిమంది కుటుంబీకులు ఫుట్‌బాల్ ఆడేసేవారు. క్యాంటీన్ గోడ మీద ఎనిమిది పేర్ల కాగితం ఉండేది. మా ఆయన పేరు దాని మీంచి ఇంకా తీసెయ్యలేదు. ఆఖరున, ఎనిమిదో స్థానంలో మిగిలినవాడు తప్పుకుని కొత్తవాడికి చోటివ్వాలని వాళ్ళ నియమం. మా ఆయన నాలుగేళ్ళూ ఏడోవాడిగా నెగ్గుకొచ్చారు.

జులైలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మా ఆయనతో పనిచేసిన దేవకుమార్ పుచ్చకాయ పట్టుకుని ఇంటికొచ్చాడు.

"వదినా, అన్నయ్య ప్లేస్ ఎలాగూ ఖాళీగానే ఉందిగా. నాకిచ్చేస్తే నేను మెయిన్‌టెయిన్ చేస్తా," అన్నాడు.

నాకు మాట్లాడ్డం తక్కువ. ఆ లోటు తీర్చేవాళ్ళు ఇంట్లో ఉన్నారుగా.

"ఖాళీ అని ఎవడు చెప్పాడోయ్?" అన్నారు మావయ్యగారు. "నేను లేనూ?"

"మాస్టారూ, మీకు ఫుట్‌బాల్ తెలుసా?"

"తెలిసేదేముందోయ్, కాలితో తన్నడమేగా."

"ఇందులో ఎక్కువగా చేత్తో పట్టుకుని పరిగెడతారండీ."

"మరి ఆ పేరెందుకు పెట్టారూ?"

దానికి జవాబు అమెరికా మొత్తం మీద ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు.

ఆ ఆటకి పెద్ద, గ్యారీ అని మంచివాడు. తండ్రి ఈ ఏడాది కొడుకు బదులు ఎంచుకోవచ్చన్నాడు. కానీ నియమం నియమమే. ఎనిమిదో స్థానం వస్తే దైవాశీర్వాదం పేరు కొట్టేసి దేవకుమార్ పేరు రాస్తారు. మావయ్యగారు ఆ రోజంతా పుచ్చకాయ ముట్టలేదు.

మా ఆయన అంతకు ముందు ఏడాది ఆటలన్నీ క్యాసెట్లలో రికార్డు చేసి, అట్టల మీద తేదీలు రాసి పెట్టుకున్నారు. ఆ దస్తూరీ నేను చూడలేక బీరువాలో పెట్టేశాను. మావయ్యగారు అడక్కుండానే బయటికి తీశారు. జులై అంతా పొద్దున్న ఇడ్లీ దగ్గర్నుంచి అవే.

మొదటి వంతులో ఎవర్ని తీసుకోవాలన్నది ప్రశ్న. పరిగెత్తేవాణ్ణే తీసుకోవాలని అందరూ చెప్పారు. వాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారట.

"మావయ్యగారూ, అంటే వెనక్కి పరిగెత్తేవాడా?" అన్నాను. నా చదువు ఐదో తరగతి.

"నీకు ఇంగ్లీషు రాదు గనక చెబుతా, విను. రన్నింగ్ అంటే పరుగు. బ్యాక్ అంటే తిరిగి రావడం. కూతకెళ్ళి, అవతలవాళ్ళని తాకి, పరుగున మన గీతలోకి వచ్చేవాడు. మన చెడుగుడే. వీళ్ళు తలకి బుట్టలు తగిలించుకున్నారంతే."

నేను నమ్మాను. ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పిన మనిషి కదా.

అప్పటికి ఇద్దరు కుర్రాళ్ళ పేర్లు మారుమోగుతున్నాయి. ఇద్దరికీ అది రెండో ఏడే. వెస్లీ పాజెట్ అనేవాడు పొడుగ్గా, నీళ్ళలో చేపలా జారిపోయేవాడు. ఒక్క మలుపు తిప్పాడంటే ముగ్గురు ఒకళ్ళమీదొకళ్ళు పడాల్సిందే. ఎల్టన్ డ్రూరీ పొట్టి. తల వంచుకుని గోడలోకి వెళ్ళినట్టు వెళ్ళి, రెండు గజాలు, మూడు గజాలు, మహా అయితే నాలుగు. చూసేవాళ్ళకి ఆవలింతలు.

మావయ్యగారు మాత్రం బంతి పట్టుకుని పోయేటప్పుడు చూసేవారు కాదు. పడిపోయాక చూసేవారు.

"చూడవే. పేరు చూస్తే వెస్లీ, భక్తిపరుల పేరు. కింద పడితే మట్టుకు పరలోకం కనిపించినట్టు ఆకాశంకేసి చూస్తూ పడుకుంటాడు. లేచి, నడుం మీద చెయ్యేసుకుని, పెళ్ళికొడుకులా నడిచొస్తాడు. ఇప్పుడు ఈ పొట్టాణ్ణి చూడు. నలుగురు మీద పడ్డారా? పడ్డారు. లేచాడా? లేచాడు. బంతి అంపైరుకిచ్చి పరుగున తనవాళ్ళ దగ్గరికొచ్చేశాడు. తిరిగొచ్చినవాడే ఆటగాడే నవోమీ. పోయినవాడు కాదు."

అని, చప్పున ఆపేశారు. క్యాసెట్ ఇంకా తిరుగుతూనే ఉంది. నేను లోపలికెళ్ళి కందిపప్పు రెండోసారి కడిగాను.

ఆగస్టు ఆఖరి శనివారం గ్యారీ గ్యారేజీలో ఎంపిక. మావయ్యగారు క్రిస్మస్‌కి కుట్టించుకున్న కోటు వేసుకొచ్చారు. మిగతావాళ్ళు నిక్కర్లలో ఉన్నారు. దేవకుమార్ చూడ్డానికని పుస్తకాల సంచీతో వచ్చాడు. చీటీల్లో మా వంతు మూడోది. మొదటి ఇద్దరూ పెద్ద పేర్లు తీసుకున్నారు. కుర్రాళ్ళిద్దరూ మిగిలే ఉన్నారు. మావయ్యగారు లేచి నిలబడి, ప్రార్థనకి పిలిచినట్టు, "ఎల్టన్ డ్రూరీ!" అన్నారు.

గ్యారేజీ గొల్లుమంది. మా తర్వాతి వంతువాడు వెస్లీని రాసుకుంటూ మావయ్యగారికి షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు.

"ఏంటి మాస్టారూ, ఏ లెక్కన?" అన్నాడు దేవకుమార్. ఈయన ఆ లెక్క వివరించారు. గీత, కూత, తిరిగి రావడం అన్నీ.

దేవకుమార్ పుచ్చకాయంత ముఖం చేసుకుని నవ్వాడు. "బ్యాక్ అంటే తిరిగి రావడం కాదండీ! వెనక వరసలో నిలబడేవాడు. అక్కణ్ణించి పరిగెత్తుతాడని ఆ పేరు."

"అయితే పేరు పెట్టినవాడికి ఇంగ్లీషు సరిగ్గా రాదన్నమాట," అని మావయ్యగారు కూర్చున్నారు. ఇంటికొచ్చేటప్పుడు కార్లో మాత్రం కోటు గుండీ తిప్పుతూ, "అబ్బాయి పేరు కొట్టించేశానేమోనే," అన్నారు.

మొదటి ఆదివారమే వెస్లీ బంతితో మూడుసార్లు పాయింట్లొచ్చే ఆఖరి గీత దాటాడు. డ్రూరీ ఒక్కసారీ లేదు. దేవకుమార్ ఫోన్ చేసి, "ఊరికే, ఎలా ఉన్నారో కనుక్కుందామని," అన్నాడు. ఎంత ప్రేమో. సెప్టెంబరంతా ఎనిమిదో స్థానంలోనే ఉన్నాం. మావయ్యగారు అన్నం సగం వదిలేసేవారు. చర్చిలో పాస్టరుగారు పన్నెండు దాటాక కూడా ప్రార్థన సాగదీస్తే, ఈయన అందరికంటే గట్టిగా ఆమెన్ అని ముగించేసేవారు. ఆట మొదలయ్యేది పన్నెండుకి మరి. ఆయన భక్తి పెరిగిందని సంఘమంతా మెచ్చుకుంది.

అక్టోబర్లో వెస్లీ మడమ బెణికి ఐదు ఆటలు బెంచీ మీద కూర్చున్నాడు. "దేవుడు చూస్తున్నాడు," అన్నారు మావయ్యగారు. పరాయి పిల్లాడి మడమ విరిస్తే గానీ దేవుడు చూసినట్టు కాదు కాబోలు. డ్రూరీ తన రెండు గజాలు తను పోతూనే ఉన్నాడు. గీత దగ్గర పడితే బంతి వాడికే ఇస్తున్నారు, జారవిడవడని. డిసెంబర్లో, ఆటల ఆఖరి ఆదివారం, ఒక్క గజం దూరంలో గుంపులోకి దూరి, కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. ఆ పాయింట్లతో మేము ఏడో స్థానానికి ఎక్కాం. ఎనిమిదిమందిలో ఏడు! మావయ్యగారు ఆ రోజు ఊళ్ళో తెలిసినవాళ్ళందరికీ ఉత్తరాలు రాశారు. ఎంతమందిలో ఏడన్నది మాత్రం రాయలేదు.

ఆయన ప్రయాణానికి రెండ్రోజుల ముందు గ్యారీ, దేవకుమార్ ఇంటికొచ్చారు.

"మాస్టారు వెళ్ళిపోతున్నారుగా వదినా," అన్నాడు దేవకుమార్ మెల్లిగా. "వచ్చే ఏడాదికి మరి..."

"నేను చూసుకుంటా," అన్నాను.

గ్యారీకి తెలుగు రాకపోయినా అర్థమైంది. దేవకుమార్‌కి వచ్చినా అర్థం కావడానికి కాసేపు పట్టింది. మావయ్యగారు కుర్చీలో ముందుకి జరిగారు.

"నువ్వా? సరే, చెప్పు. ఆగస్టులో మొదటి వంతు నీదైతే ఎవర్ని తీసుకుంటావు?"

"వెస్లీని."

"ఆఁ! ఇన్నాళ్ళూ నేను చెప్పిందేంటి? పడితే లేవడు వాడు!"

"లేస్తాడండీ. కాసేపు పడుకుని లేస్తాడు. దెబ్బ తగిలినవాణ్ణి కాసేపు పడుకోనివ్వాలి మావయ్యగారూ. అందరూ డ్రూరీలు కాలేరు."

నేను ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఎయిర్‌పోర్టు దాకా నాతో మాట్లాడలేదు. లోపలికెళ్ళే ముందు బ్యాగు కిందపెట్టి, నాకేసి తిరిగారు.

"తీసుకుంటే తీసుకో," అన్నారు. "కానీ ముందు ఆ మడమ సంగతి కనుక్కుని మరీ తీసుకో."