సుగుణక్క పెట్టిన పేరు మోకాళ్ళ నొప్పి

ఈ పోస్ట్ రాయకుండా ఫోన్ పక్కన పడేద్దామనే అనుకున్నా.

నిన్న పొద్దున ఆటో తుడుస్తుంటే ఫోన్ వచ్చింది. సుగుణక్క పోయిందంట.

హార్ట్ ఎటాక్. టైలరింగ్ షాపు తాళం తీస్తా మెట్ల మీదే కూలబడిందంట.

చేతిలో తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది. నాకు ముందు ఏడుపు రాలా. భయమేసింది.

ఎందుకో చెప్పాలంటే మర్యాదస్తులు గ్రూపుల్లో మాట్లాడని సంగతి చెప్పాల. అందుకే రాయొద్దనుకున్నా. ఈ సంగతిలో ఉన్నోళ్ళని అడిగే రాస్తన్నా. అక్క పేరు తప్ప ఇంకో పేరుండదు, మా ఊరి పేరుండదు. ఫలానా వాళ్ళేనా అని కామెంట్లు పెట్టమాకండి.

అక్క మా పెద్దమ్మ కూతురు. జాకెట్లు కుట్టేది. కొలతలు తీసేటప్పుడు ఆడోళ్ళు అన్నీ చెప్పుకుంటారంట. టేపు నడుం చుట్టూ తిప్పగానే కొత్త పెళ్ళికూతుళ్ళు కొంతమంది ఉలిక్కిపడేవాళ్ళంట. అక్క టేపు పక్కన పెట్టి, "ఏందమ్మా, నొప్పిగా ఉంటందా?" అని మెల్లగా అడిగేది.

మొగుడు దగ్గరికొస్తే నొప్పి. ఓర్చుకోలేని నొప్పి. ఎవరికన్నా చెప్పుకుందామంటే మాట లేని నొప్పి.

దానికి అక్క ఒక పేరు పెట్టింది. మోకాళ్ళ నొప్పి.

ఆ పేరు చెప్పి వాళ్ళని నా ఆటోలో నరసరావుపేట తీసుకెళ్ళేది. ముందు లేడీ డాక్టరు దగ్గరికి, లోపల ఇన్ఫెక్షన్ గానీ గడ్డ గానీ ఉందేమో చూపించటానికి. ఆ తర్వాత ఫిజియోథెరపీ మేడం దగ్గరికి.

నేను నిజంగానే మోకాళ్ళనుకున్నా.

ఇక్కడ కాస్త పక్క రోడ్డు ఎక్కుతా. ఆటోవాణ్ణి, అలవాటు. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇంత చిన్న వయసులో కోడళ్ళకి మోకాళ్ళు పోతన్నాయంటే నీళ్ళదే తప్పని టీ కొట్టు దగ్గర లెక్చర్ ఇచ్చా. పొట్లాలు కట్టిన పేపర్లు చదివి నేర్చుకున్న చదువు నాది, మొదలైతే ఆగదు. నా మాట విని వార్డు మెంబరు సీసాలో నీళ్ళు పట్టి ల్యాబుకి పంపాడు. అధికారుల చుట్టూ తిరిగాడు. ఊరికి వాటర్ ప్లాంటు వచ్చింది.

నీళ్ళు తియ్యగా ఉన్నాయి. కోడళ్ళ మోకాళ్ళు మాత్రం బాగుపళ్ళా.

ఇంకా నయం కాలేదేందని నేనంటే అక్క పడీ పడీ నవ్వి, తిరుగు ప్రయాణంలో అసలు సంగతి చెప్పింది.

"నేను కాపురం చేసినన్నాళ్ళూ పొద్దుగూకుతుంటే భయపడ్డా తమ్ముడూ. మీ బావ మంచోడే. అయినా భయమే. తోమిన అంట్లే మళ్ళీ తోముకుంటా, ఆయన నిద్రపోయిందాకా పెరట్లోనే ఉండేదాన్ని."

నవ్వుతా మొదలుపెట్టిన మనిషి పిడికిలి బిగించి చూపించింది.

"పిడికిలి బిగుసుకున్నట్టు కింద కండరాలు బిగుసుకుంటయ్యంట. మనం బిగించం, అవే బిగుసుకుంటయ్. నొప్పికి భయం, ఆ భయానికి ఇంకా బిగువు. కొంతమందికి మొదట్నించీ, కొంతమందికి కాన్పు కుట్ల తర్వాత. ముట్లుడిగినాక వచ్చే నొప్పి ఇంకో రకం, దానికీ మందుందంట. ఆ కండరాల్ని వదులు చేయటం నేర్పుతారు. ఊపిరితోటి, నిదానంగా, బలవంతం లేకుండా. ఇదంతా మీ బావ పోయినాక తెలిసింది నాకు."

ఇంక నా భయం సంగతి.

ఒక పిల్ల. పెళ్ళయి ఏడాది కాలా. ట్రీట్‌మెంట్ సగంలో ఉంది, కొంచెం కొంచెం తేలిక పడతంది. అత్తకి మాత్రం ఓపిక అయిపోయింది. "కాపురానికి పనికిరాని పిల్లని అంటగట్టారు, పెద్దమనుషుల్లో పెడతాం" అంది.

పెడితే ఏమయిద్దో నాకు తెలుసు. అంతమంది మగోళ్ళ మధ్య ఆ పిల్లని నిలబెట్టి, "ఏందమ్మా నీ ఇబ్బంది, చెప్పు" అంటారు. మర్నాటికి విడాకుల మాట.

పోయిన వారం అక్క వాళ్ళింటికి పోయింది. నేను పంచలో కూర్చున్నా. లోపల అత్త గొంతు.

"మేమంతా కాపురాలు చేయలా? మాకు లేని నొప్పి దీనికేందక్కా?"

"నీకు లేదా? నా మొహం చూసి చెప్పవే."

లోపల అంట్లు తోమే సప్పుడొచ్చింది.

"ఆదివారం దాకా ఆగుతా" అంది అత్త చివరికి. "తర్వాత నువ్వొచ్చి చెప్పినా వినను."

ఆదివారం రాకముందే అక్క పోయింది.

నిన్న సమాధుల దొడ్డిలో ఆ పిల్ల నా పక్కకొచ్చి నిలబడింది. "తాతా, ఇప్పుడు మా అత్తకి ఎవరు చెబుతారు?" అంది. కొంగు ఒళ్ళంతా కప్పుకుంది. ఎండ మండిపోతంది.

ముసలోణ్ణి, మగోణ్ణి. ఆ ఇంట్లోకి పోయి ఏమని నోరు తెరవాల? లోకంలో ప్రతిదానికీ లెక్చర్ ఇచ్చే నాకు ఒక్క మాట దొరకలా.

సుగుణక్కా, పోయిరా. ఇంక నిన్ను ఏ సాయంత్రమూ భయపెట్టదు. ప్రభువు నీకు నెమ్మదినియ్యాల.

ఈ పొద్దున ఆ పిల్ల ఆటో ఎక్కింది. వెనకాలే అత్త కూడా ఎక్కింది. నేను నేరుగా నరసరావుపేట తీసుకెళ్ళా.

ఫిజియో మేడం దగ్గర చీటీలు రాసే అమ్మాయి, "పేషెంట్ ఎవరండీ?" అంది.

"ఇద్దరం" అంది అత్త.

నేను బయటికొచ్చి ఆటోని నీడలోకి తీసిపెట్టా.