తువ్వాలు కింద బేరం

నాకు పాతికేళ్లున్న రోజుల్లో రాజమండ్రిలోని మా బట్టల కొట్టుకి జనం ఎంతమంది వచ్చేవారో, నా కోపానికి అంతమందీ వెళ్లిపోయేవారు. ఇరవై చీరలు విప్పించి "మళ్లీ వస్తామండి" అనే ఆడవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది (నేను మాత్రం ఎక్కడికెళ్లినా నలభై విప్పించే రకాన్ని). చివరికి బాబాయి అన్నాడు: "ఒరే, పదిరోజుల ధ్యానం క్లాసుకి పోయిరా. పూర్తిగా ఉండి వస్తే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటావు. మధ్యలో వచ్చావా, జన్మంతా చీరలు మడతపెట్టుకోవడమే."

"ఏడు రోజులకి కుదరదా బాబాయ్?"

ఆయన నా సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

ఊరి బయట కొబ్బరితోటలో హాలు. పదిరోజులూ నోరెత్తకూడదు, సాయంత్రం మాస్టారిని సందేహం అడగొచ్చు, అంతే. ఆయన మొదటిరోజే చెప్పారు: "లోభం, ద్వేషం, మోహం అకుశలాలండి, అంటే చేటు చేసేవి. ఇచ్చే గుణం, దయ, తెలివి కుశలాలు, మేలు చేసేవి. ఏది వచ్చినా వచ్చిందని చూడండి, తరమకండి. కూర్చున్న గంటసేపు కదలకండి."

ఆరోరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాక, హాల్లో నలభైమంది ఊపిరీ ఒకే మనిషిదిలా వినిపించింది. మోకాళ్లు మండుతున్నాయి, లేచి బస్సెక్కేద్దామనుంది. అప్పుడు, ఒళ్లో కప్పుకున్న తువ్వాలు కింద, ఎవరో నా వేలు పట్టుకున్నారు.

కళ్లు తెరిచాను. చేతికందే దూరంలో ఎవరూ లేరు. కుడిచేతి వేలు పట్టుకున్నది నా ఎడమచెయ్యే. నేను పట్టుకోమనలేదు. ఆ పట్టు మాత్రం నాకు తెలుసు. మా తాతది. పశువుల సంతలో ధర పక్కవాళ్లకి తెలియకుండా, ఆయన తువ్వాలు కింద అవతలివాడి వేళ్లు నొక్కి బేరం తెంచేవాడు, వేలికి పది లెక్కన. పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఎడమచెయ్యి ఒక వేలు నొక్కింది: ఇంకో పది నిమిషాలు చాలు, లే. నా కుడిచెయ్యి (సిగ్గులేదు దానికి) రెండు వేళ్లు నొక్కింది: ఇరవై. ఎడమది వేలు విరిగేలా పిండింది. అది ద్వేషం. బేరం కుదిరేలా ఉందని కుడిది సంబరపడింది. అది లోభం. రెండూ నావే. మరి రెంటినీ చూస్తున్నవాడెవడు? ఆ ఉక్కలో నా వీపు చల్లబడింది. భయంతో రెండు చేతులకీ జవాబివ్వడం మానేశాను. కాసేపు పిండి పిండి, బేరం కుదరక వెళ్లిపోయే మనిషిలా ఆ పట్టు వదులైంది. బెల్లు మోగింది.

సాయంత్రం చెప్పాను. "మాస్టారూ, నా చెయ్యి నాతో బేరమాడుతోందండి."

"ఎంతకి తెగిందండి?"

"తెగలేదండి. చూస్తూ కూర్చున్నాను."

"అదేనండి చెయ్యాల్సింది. మిగిలిన నాలుగు రోజులూ అలా కానివ్వండి."

"మూడుకి కుదరదాండి?"

పదిరోజులూ ఉన్నాను, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. చీరలు విప్పించేవాళ్లు ఇప్పటికీ వస్తారు, నా వేలు ఇప్పటికీ బిగుసుకుంటుంది. నాలో ఆ రెంటినీ చూసేవాడు మాత్రం అప్పటినుంచీ మా కొట్లోనే కూర్చున్నాడు. ఏమీ కొనడు, వెళ్లడు. కొత్తలో ఎలాగైనా పంపించెయ్యాలని చూసేవాణ్ణి. నలభై దాటాక, ఒక పూట ఆయన అలికిడి లేకపోతే నేనే గుమ్మంవైపు చూస్తున్నాను.